పసుపు చేలో మందు, పుట్టగొడుగుల షెడ్డులో పచ్చబూజు: ఒక కేస్ స్టడీ

జూలై రెండో వారంలో ఒకరోజు పొద్దున్నే ఆరున్నరకి ఒక మహిళా రైతు నుంచి ఫోనొచ్చింది. "సార్, ఈసారి మీ విత్తనం బాగాలేదు. సంచులన్నీ పచ్చగా అయిపోయాయి."

నేను పుట్టగొడుగుల స్పాన్ తయారుచేసి రైతులకి ఇస్తాను. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. ఉడకబెట్టిన జొన్నగింజల మీద పెంచిన పుట్టగొడుగు బూజే స్పాన్. రైతులు దాన్ని విత్తనం అంటారు. ఇలాంటి ఫోను వస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. ఒక లాట్ చెడిందంటే ఒక ఇంటితో ఆగదు, ఆ లాట్ వెళ్ళిన ఇళ్ళన్నిటిలోనూ నష్టమే. వెంటనే మిగతావాళ్ళకి ఫోన్లు చేశాను. అందరి సంచులూ తెల్లగా ఉన్నాయి. ఆమె షెడ్డులో మాత్రం అరవై సంచుల్లో నలభై ఒకటి పోయాయి.

ఊరు తెనాలికీ దుగ్గిరాలకీ మధ్య ఉంటుంది. వరి, పసుపు పండించే నేల. ఇంటి వెనక తాటాకు షెడ్డు, లోపల ఇసుక పరిచిన నేల, చుట్టూ తడి గోనెపట్టాలు. ఆమె డిసెంబరులో ముత్యపు చిప్ప పుట్టగొడుగులతో మొదలుపెట్టింది. మొదటి రెండు విడతలూ చక్కగా వచ్చాయి. పొరుగు ఊళ్ళ నుంచి ఇంటికొచ్చి కొనుక్కెళ్ళేవాళ్ళు. మందులు వాడకూడదని ఆమె పట్టుదల. అందుకే గడ్డిని రసాయనాల్లో నానబెట్టకుండా, రాత్రంతా నీళ్ళలో నానేసి, పొద్దున 80 డిగ్రీల దగ్గర వేడినీళ్ళలో గంటసేపు ఉంచి, ఆరబెట్టి సంచుల్లో నింపేది. సంచి మూతి కట్టి, చుట్టూ పదిహేను ఇరవై చిన్న రంధ్రాలు పెట్టేది. పద్ధతిలో తప్పేమీ లేదు.

తప్పు నా వైపు జరిగింది. ఫొటోలు పంపించమన్నాను. పచ్చబూజు కనపడగానే గడ్డి సరిగ్గా ఉడకలేదని తేల్చేశాను. "ఈసారి మరిగే నీళ్ళలో రెండు గంటలు ఉంచమ్మా" అని చెప్పాను. ఆమె అలాగే చేసింది. కొత్తగా నలభై సంచులు కట్టింది. ఆరో రోజుకే పచ్చ మొదలైంది, మొదటిసారి కంటే త్వరగా, ఎక్కువగా. ఆ నలభై సంచుల నష్టం నా మాట మీద జరిగింది. చూడకుండా చెప్పడం ఎంత ప్రమాదమో తెలిసే ఉన్నా, ఆ రోజు చెప్పేశాను. మర్నాడు బయల్దేరి వెళ్ళాను.

షెడ్డు తలుపు తియ్యగానే ముక్కుకి తెలిసిపోయింది. బూజు బాగా పాకుతున్న షెడ్డులో పచ్చి పుట్టగొడుగు వాసన ఉంటుంది, కమ్మగా, కొంచెం తడి మట్టిలా. ఇక్కడ కొబ్బరి వాసన. ట్రైకోడెర్మా అనే పచ్చబూజు రకాలు చాలావి ఆ వాసన వదులుతాయి. మూతికి గుడ్డ కట్టుకుని ఒక సంచి దించి, భూతద్దం పెట్టి చూశాను. రంధ్రం చుట్టూ రూపాయి బిళ్ళంత మచ్చ. నడిమధ్య ముదురు ఆకుపచ్చ పొడి, దాని చుట్టూ లేతపచ్చ వలయం, అంచున పల్చటి తెల్లటి నూగు. ఆ నూగు మన పుట్టగొడుగుది కాదు, ట్రైకోడెర్మాది. పచ్చరంగు రాకముందు అదీ తెల్లగానే ఉంటుంది, అందుకే రైతులు మొదటి నాలుగు రోజులూ పోల్చుకోలేరు. దాని అవతల ముత్యపు చిప్ప తెలుపు, దూదిలా దట్టంగా. రెండూ కలిసిన చోట సన్నటి గోధుమరంగు గీత. ఆ గీత దగ్గర యుద్ధం జరుగుతోంది.

ఆమె పక్కనే నిలబడి అడిగింది, "విత్తనం వేస్తే మొలిచేది మొక్కే కదా సార్, మరి మొక్కకి పట్టిన తెగులు అనుకుని మందు కొట్టొచ్చుగా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. జవాబు తెలిస్తే సగం కేసు విడిపోతుంది కాబట్టి ఆమెకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. పుట్టగొడుగు మొక్క కాదు, శిలీంధ్రం. దానికి పత్రహరితం లేదు, ఎండ నుంచి ఆహారం తయారుచేసుకోలేదు. 1969లో రాబర్ట్ విటేకర్ జీవుల్ని ఐదు రాజ్యాలుగా విభజించినప్పుడు శిలీంధ్రాలకి విడిగా ఒక రాజ్యం ఇచ్చాడు. తర్వాత జన్యువుల్ని పోల్చి చూస్తే అవి మొక్కల కంటే జంతువులకే దగ్గర చుట్టాలని తేలింది. వాటి కణాల గోడలు కైటిన్‌తో కట్టినవి, రొయ్య పెంకులో ఉండేదీ అదే. మనం తిని అరిగించుకుంటాం. శిలీంధ్రం ముందు అరిగించుకుని ఆ తర్వాత తింటుంది. సన్నటి దారాల్లాంటి తంతువులు గడ్డిలోకి పాకుతూ ఎంజైములు వదులుతాయి, గడ్డి కరిగి చక్కెరలవుతుంది, వాటిని పీల్చుకుంటాయి. సంచిలో కనపడే తెలుపంతా ఆ తంతువుల అల్లిక. అసలు జీవి అదే. మనం కోసుకునే గొడుగు దాని కాయ లాంటిది, సిద్ధబీజాలు వెదజల్లడానికి మాత్రమే పైకి వస్తుంది.

ఇంక తెగులు మాట. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. అంటే సంచిలో జరిగింది ఒకే గడ్డి కోసం ఇద్దరు వ్యవసాయదారుల గొడవ. ఒకరిని చంపే మందు రెండోవారినీ వదలకపోవచ్చు. మందు డబ్బా అందుకునేముందు ఆ రెండోవాడు ఎక్కడి నుంచి, ఎప్పుడు, ఏ దారిన వచ్చాడో కనుక్కోవాలి.

అనుమానం మూడింటి మీద: విత్తనం, గడ్డి, గాలి. మచ్చ ఎక్కడ మొదలైందో చూస్తే చాలావరకు తెలుస్తుంది. విత్తనం చెడితే పచ్చ గింజ చుట్టూ మొదలవుతుంది, స్పాన్ చల్లిన పొరల వెంట వరుసగా కనపడుతుంది. గడ్డి చెడితే సంచి నడిమధ్యలో కూడా అక్కడక్కడా వస్తుంది. నాలుగు సంచులు నిలువునా కోశాను. లోపల గింజలన్నిటి చుట్టూ తెల్లటి బూజు, ఆరోగ్యంగా ఉంది. పచ్చంతా పైన రంధ్రాల దగ్గరా, సంచి మూతి దగ్గరా. అందులోనూ పడమటి కిటికీ పక్క వరుస పూర్తిగా పోయింది. తూర్పు గోడ పక్కన ఆరు సంచులు తెల్లగా నిలబడ్డాయి. నడవకి రెండు పక్కలా మనిషి చెయ్యి అందే ఎత్తులో ఉన్న సంచులు కూడా ఎక్కువగా చెడ్డాయి. కిటికీ దగ్గర మచ్చలు గాలి దారిన వచ్చాయనుకోవచ్చు. నడవ పక్కవాటికి ఇంకేదో దారి ఉండాలి.

కిటికీలోంచి బయటికి చూశాను. పది పన్నెండు అడుగుల దూరంలో వేపచెట్టు నీడన ఒక దిబ్బ, మీద తడి గోనెలు కప్పి ఉంది.

"అదేంటమ్మా?"

"మా మావయ్య గారు పసుపుకి ఎరువు కలుపుతున్నారు సార్."

పెద్దాయన అక్కడే ఉన్నారు. గోనె తీసి చూపించారు. తొంభై కిలోల మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి, పైన బెల్లం నీళ్ళు. పసుపులో దుంపకుళ్ళు రాకుండా వాడే మందు అది. వారం పది రోజులు నీడలో ఉంచితే పొడిలోని శిలీంధ్రం దిబ్బంతా పాకుతుంది, అప్పుడు చేలో చల్లుతారు. దిబ్బ మీద అచ్చం ఆ సంచుల మీది పచ్చే. ఆయన రెండు మూడు రోజులకోసారి పారతో తిరగేస్తారు. సాయంత్రాలు కోడలికి సాయంగా షెడ్డులోకి వచ్చి సంచుల మీద నీళ్ళు పిచికారీ చేస్తారు. అదే పంచె, అదే తువ్వాలు, అవే చేతులు. పిచికారీ చేసే మనిషి నడవలోనే నడుస్తాడు.

ఆయన చేసింది తప్పని ఒక్క మాట కూడా అనలేను. ఎంతో శ్రద్ధగా, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశారు. దుంపకుళ్ళుకి మూలమైన పిథియం చూడ్డానికి బూజులాగే ఉంటుంది, ఒకప్పుడు శాస్త్రవేత్తలూ శిలీంధ్రాల్లోనే చేర్చారు. కానీ దాని గోడలు మొక్కల గోడల్లాగే సెల్యులోజ్‌వి, చుట్టాలు గోధుమరంగు సముద్రపు నాచులు. 1845లో ఐర్లండ్ బంగాళదుంపల్ని కుళ్ళబెట్టి కరువు తెచ్చిన ఫైటాఫ్తోరా కూడా ఆ కుటుంబానిదే. అలాంటి పిథియం మీద ట్రైకోడెర్మా బాగా పనిచేస్తుంది. అది ఇతర తంతువుల చుట్టూ తీగలా చుట్టుకుని, వాటి గోడల్ని కరిగించే ఎంజైములు వదిలి, లోపలి సారం తాగుతుంది. ఇలా వేరే శిలీంధ్రాల్ని తింటుందని 1932లో వైండ్లింగ్ అనే ఆయన రాశాడు. పసుపు వేరు దగ్గర ఈ గుణం రైతుని కాపాడుతుంది. షెడ్డులో ఉన్నది ముత్యపు చిప్ప. కైటిన్ గోడల్ని కరిగించడం వచ్చినవాడికి అది కూడా ఇంకో ఆహారమే.

దీనికి ఇంకో గుణం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాల గుడ్డని ఏదో తినేస్తుంటే, పట్టి చూస్తే ట్రైకోడెర్మా దొరికింది. ఇప్పుడు ట్రైకోడెర్మా రీసై అని పిలిచే ఆ రకం నుంచే నేటికీ సెల్యులోజ్ కరిగించే ఎంజైములు తీస్తున్నారు. జీన్స్ బట్ట మెత్తబరచడంలో కూడా వాడతారు. నూలుగుడ్డని తినేదానికి తడిసిన వరిగడ్డి ఒక లెక్కా?

కంటితో చూసింది నమ్మకం ఇస్తుంది, రుజువు ఇవ్వదు. ఒకసారి తొందరపడి నష్టం చేశాను కాబట్టి ఈసారి ప్లేట్లు పెట్టాను. బంగాళదుంప రసం, చక్కెర, అగర్ కలిపి గడ్డకట్టించిన గాజు ప్లేట్లు అవి. ఒక్కోచోట మూత తీసి పది నిమిషాలు ఉంచి, మూసి ల్యాబుకి తెచ్చాను. గాల్లోంచి రాలిన ప్రతి సిద్ధబీజమూ అక్కడ ఒక చుక్కగా మొలుస్తుంది. మూడో రోజుకి ఇంటి ముందు వసారాలో పెట్టిన ప్లేటులో నాలుగు పచ్చ చుక్కలు. షెడ్డు మధ్యలో తొమ్మిది. పడమటి కిటికీ దగ్గర ముప్ఫై నాలుగు. వేపచెట్టు కింద పెట్టిన ప్లేటు లెక్కపెట్టడానికి వీల్లేదు, అంచు నుంచి అంచు దాకా పచ్చని పచ్చిక పరిచినట్టు ఉంది. ఆమె దగ్గర మిగిలిన ప్యాకెట్టులోంచి ఇరవై జొన్నగింజలు వేరే ప్లేట్లలో పెట్టాను. ఇరవైలోనూ తెల్లటి బూజే వచ్చింది. కొత్తగా గంటసేపు వేడిచేసిన గడ్డి ముక్కల్లో ఐదు రోజులకీ పచ్చ రాలేదు. విత్తనం, గడ్డి రెండూ నిర్దోషులు.

పచ్చగా ఉన్నదల్లా ట్రైకోడెర్మా కాదు కాబట్టి మైక్రోస్కోప్ కింద కూడా చూశాను. రొట్టె మీద వచ్చే నీలిపచ్చ పెనిసిలియం చీపురు కట్టలా ఉంటుంది. ఆస్పర్‌జిల్లస్ గుండ్రటి తలతో ఉంటుంది. ఇక్కడ చెట్టు కొమ్మల్లా చీలిన కాడలు, చివర బుడ్డిలాంటి కణాలు, వాటి మూతుల దగ్గర గుంపులుగా పచ్చ గుండ్లు. నీలిరంగు వేసిన అదే స్లైడు మీద ముత్యపు చిప్ప తంతువులు కూడా ఉన్నాయి. వాటిని పోల్చుకోవడం తేలిక: రెండు కణాలు కలిసే చోట కొక్కెంలా ఒక బుడిపె ఉంటుంది, గొడుగులు వేసే జాతుల్లో చాలావాటికి ఉండే గుర్తు. రెండు మూడు చోట్ల సన్నటి తంతువు ఆ బుడిపెల తంతువు చుట్టూ పాములా మెలిపడి ఉంది. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నా అది కనపడితే కాసేపు కళ్ళు తిప్పుకోలేను.

మరి రెండు గంటలు మరిగించిన గడ్డి ఎందుకు ఇంకా ఎక్కువ చెడింది? 80 డిగ్రీల దగ్గర వేడికి చాలా క్రిములు చస్తాయి కానీ, వేడి తట్టుకునే కొన్ని బాక్టీరియాలు మిగులుతాయి. అవి ముత్యపు చిప్పని ఏమీ చెయ్యవు. ఖాళీ జాగా ఆక్రమించుకుని, కొత్తవాళ్ళని అంత తేలిగ్గా దిగనివ్వవు. మరీ మరిగిస్తే ఆ కాపలా కూడా పోతుంది. గడ్డి పూర్తిగా ఖాళీ ఇల్లవుతుంది, ముందు వచ్చినవాడిదే రాజ్యం. ట్రైకోడెర్మా తొందర గలది, ప్లేటుని మూడు నాలుగు రోజుల్లో నింపేస్తుంది. ముత్యపు చిప్ప నిదానస్తురాలు. దాని బలం వేరే: గడ్డిలో గట్టిపదార్థమైన లిగ్నిన్‌ని కూడా విప్పగలదు, ట్రైకోడెర్మా ఆ పని సరిగ్గా చెయ్యలేదు. కట్టెల్లో నత్రజని తక్కువ కాబట్టి చిన్న చిన్న నులిపురుగుల్ని మత్తుపెట్టి తినే తెలివి కూడా దానికి ఉంది. రెండు వారాలు నిలదొక్కుకుందంటే ఇంక దాన్ని కదపడం కష్టం. ఆ మొదటి వారమే గండం. నేను ఆ వారంలోనే ఆమె సంచుల్ని నిరాయుధంగా నిలబెట్టాను.

షెడ్డులో వేరే అతిథులు కూడా ఉన్నారు. ఒక సంచి పక్కన పల్చటి, బూడిదరంగు చిన్న గొడుగులు లేచి, మధ్యాహ్నానికి నల్లటి సిరాలా కారిపోయాయి. అవి సిరా గొడుగులు, గడ్డివాములో వానకి తడిసి కుళ్ళిన గడ్డి వాడినట్టు చెప్పే గుర్తు. ఆమెని అడిగితే ఆ ఒక్క మోపు వాము అడుగుదేనంది. మూలన పడేసిన చిరిగిన స్పాన్ ప్యాకెట్టు మీద నారింజరంగు పొడి: న్యూరోస్పోరా. దాని సిద్ధబీజాల్లో ఒక రకం వేడి తగిలితేనే మొలకెత్తుతాయి, అందుకే కాలిన చెట్ల మీదా ఉడికిన గింజల మీదా కనపడుతుంది. బీడిల్, టేటమ్ అనే ఇద్దరు 1941లో దీని మీద పరిశోధన చేసి, జన్యువులు ఎంజైముల్ని నడిపిస్తాయని చూపించారు, 1958లో నోబెల్ అందుకున్నారు. శాస్త్రానికి అంత మేలు చేసిన బూజు స్పాన్ ల్యాబుకి పిడుగు లాంటిది, దూది బిరడాల్లోంచి కూడా దూరిపోతుంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని గానీ ల్యాబులో అడుగుపెట్టలేదు. ఇప్పటికి పేర్లు పెట్టిన శిలీంధ్ర జాతులు లక్షన్నర దాకా ఉన్నాయి, ఉంటాయని అంచనా వేసేవి ఇరవై లక్షల పైమాటే. వాటిలో నాలుగు ఆ తాటాకు కప్పు కింద ఒకేసారి కాపురం ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎందుకొచ్చిందో జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది.

ఎలా బాగుచేశామంటే, ముందు చెడ్డ సంచుల సంగతి చూశాం. పచ్చపొడి ఉన్న సంచిని అలాగే ఎత్తితే కోట్ల సిద్ధబీజాలు గాల్లోకి లేస్తాయి. ఒక్కోదాని మీదా తడిగుడ్డ కప్పి, పెద్ద ప్లాస్టిక్ కవర్లోకి జార్చి, మూతి కట్టి అప్పుడు బయటికి తెచ్చాం. తూర్పు గోడ పక్క తెల్లటి ఆరు సంచులు మాత్రం ఉంచాం. పచ్చ పట్టిన సంచిలో ఓ పక్కన పుట్టగొడుగులు మొలిస్తే తినొచ్చా అని ఆమె అడిగింది. వద్దన్నాను, అమ్మొద్దు కూడా అన్నాను. నేల బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, ఇసుక మార్చి, గోడలకి సున్నం కొట్టించింది.

దిబ్బ గురించి పెద్దాయనతో మాట్లాడటం నాకు కష్టమనిపించింది. "బాబాయి గారూ, మీ ఎరువు మంచిదే. అంత మంచిది కాబట్టే ఇక్కడ ఉండకూడదు" అన్నాను. ప్లేట్లు తెచ్చి చూపించాను. వేపచెట్టు ప్లేటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఇదంతా నా దిబ్బలోదేనా బాబూ?"

"అవునండి."

"అయితే పొడి అసలుదే ఇచ్చాడన్నమాట," అన్నారు సంతోషంగా. తర్వాత కోడలి వైపు చూసి, ఇంకేం మాట్లాడకుండా పార తీసుకుని వెళ్ళారు. ఆ సాయంత్రమే దిబ్బ మొత్తం చేలోకి చేరింది.

గడ్డి మళ్ళీ 80 డిగ్రీల దగ్గర గంటకే తెచ్చాం. నానేసే నీళ్ళలో సున్నం కలపమన్నాను. ట్రైకోడెర్మాకి కాస్త పుల్లటి వాతావరణం ఇష్టం, సున్నపు క్షారాన్ని ముత్యపు చిప్ప దానికంటే బాగా ఓర్చుకుంటుంది. స్పాన్ మోతాదు దాదాపు రెట్టింపు చేశాం, మొదటి వారంలో జాగా త్వరగా ఆక్రమించుకోవడానికి. బూజు పాకే రోజుల్లో పడమటి కిటికీ పూర్తిగా మూసేశాం. ఆ దశలో తెల్లబూజు బొగ్గుపులుసు వాయువుని బాగానే తట్టుకుంటుంది. గాలి కావల్సింది మొగ్గలు వచ్చేటప్పుడు, అప్పుడు సన్నటి నైలాన్ వల కట్టి కిటికీ తెరిచింది.

ఆగస్టులో నలభై సంచులు కట్టింది. మూడింటికి పచ్చ వచ్చింది, అవీ వాన నీళ్ళు కారిన కప్పు కింద ఉన్నవి. అక్టోబరు విడతలో ఒకటి. నా తప్పు సలహాతో పోయిన నలభై సంచులకి సరిపడా స్పాన్ నేను ఊరికే ఇచ్చాను. ఆమె వద్దంది, అయినా ఇచ్చాను.

ఒకసారి వెళ్ళినప్పుడు పెద్దాయన పుట్టల సంగతి ఎత్తారు. తొలకరి ఉరుములకి పుట్టల మీద లేచే గొడుగుల్ని చిన్నప్పుడు ఏరుకొచ్చేవాళ్ళట. పేరులోనే ఉంది కదా, పుట్టగొడుగు. ఆ గొడుగుల్ని పెంచేది చెదపురుగులే. ఎండిన ఆకూ కట్టే నమిలి, పుట్ట లోపల తోటలా కట్టి, దాని మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. ఆ తోటలో సూడోజైలేరియా అనే కలుపు బూజు కూడా పొంచి ఉంటుంది. చెదలు తిరుగుతున్నంత కాలం దాన్ని లేవనివ్వవు. చెదలు ఖాళీ చేసిన పుట్టలో కొద్ది రోజుల్లోనే అది తోటంతా కప్పేస్తుంది. ఇది చెప్పగానే ఆమె, "అయితే వాటికీ పచ్చబూజు టెన్షన్ ఉందన్నమాట సార్" అంది.

మరుసటి జూన్‌లో నేనే ఫోన్ చేశాను, పసుపు నాటే రోజులు కాబట్టి. దిబ్బ చేను గట్టు మీద వేశారట, ఇంటికి మూడు ఫర్లాంగుల దూరంలో. షెడ్డు బయట కొళాయి దగ్గర ఒక బకెట్టు, సబ్బు, మేకుకి ఉతికిన తువ్వాలు ఒకటి పెట్టిందట. చేను నుంచి వచ్చిన పెద్దాయన కాళ్ళూ చేతులూ కడుక్కుని, పంచె మార్చుకుని, ఆ తువ్వాలు భుజాన వేసుకున్నాకే పిచికారీ పంపు అందుకుంటున్నారట.